అది ఒంటరిదా, గుంపుదా?

(కాలనీ గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం పురుగుల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే, మీలో సగం మందినైనా ఏదో ఒకటి కుట్టి ఉండాలి!

మన ఇళ్ళ చుట్టూ సన్న నడుముతో, పసుపో ఎరుపో నలుపో రంగుతో జుయ్యిమంటూ తిరిగే ప్రతిదానికీ మనం పెట్టుకున్న పేరు ఒకటే: కందిరీగ. ఆ మాట వినగానే ఒకరు చీపురందుకుంటారు, ఇంకొకరు దోమల స్ప్రే తెస్తారు, మూడోవారు కర్రకు గుడ్డ చుట్టి కిరోసిన్ పోస్తారు. ఈ మూడో పెద్దమనిషి వల్ల జరిగే నష్టం కందిరీగల వల్ల జరిగేదానికంటే ఎక్కువ. నేను ఇవాళ చెప్పాలనుకున్నది ఒకటే. రంగు తర్వాత చూద్దురుగాని, ముందు అది ఒంటరిగా బతికేదా, గుంపుగా బతికేదా తేల్చుకోండి. భయపడాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఎందుకో చెప్తాను. కుట్టే ముల్లు ఆడవాటికే ఉంటుంది. గుడ్లు పెట్టే గొట్టమే కాలక్రమంలో ముల్లుగా మారింది, కాబట్టి మగది ఎంత బెదిరించినా కుట్టలేదు. ఒంటరి ఆడ కందిరీగ ఆ ముల్లును వేటకు దాచుకుంటుంది. తన గూడు మీద మీరు చెయ్యి వేసినా సాధారణంగా ఎగిరిపోతుంది, ఎందుకంటే తను చస్తే ఇక గుడ్లు పెట్టేవారు లేరు. గుంపు సంగతి వేరు. అక్కడ గుడ్లు పెట్టేది రాణి, కాపలా కాసేవి కూలీలు. నాలుగు కూలీలు పోయినా గూడు నిలబడుతుంది. అందుకే అవి మీద పడతాయి.

ముందు ఒంటరివాటితో మొదలుపెడదాం. గోడ మూలన, పుస్తకాల అర వెనక, దేవుడి పటం వెనక మట్టి గూళ్ళు కట్టేవి. మనకు బాగా కనిపించేది నల్లటి ఒళ్ళు, పసుపు కాళ్ళు, ఛాతీకీ పొట్టకీ మధ్య దారప్పోగంత నడుము ఉన్నది. దాని శాస్త్రీయ నామం స్కెలిఫ్రాన్ మద్రాస్పటానమ్. అవును, మన పాత మద్రాసే. 1781లో ఫాబ్రిషియస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త పెట్టిన పేరు. పెరట్లో కుళాయి దగ్గర తడి నేల మీద దీన్ని ఎప్పుడైనా గమనించండి. తల కిందికి, పొట్ట పైకి పెట్టి దవడలతో మట్టి ఉండ చేసుకుంటుంది. గోడ దగ్గరికి తెచ్చి అతికించేటప్పుడు రొద పెడుతుంది. ఆ అదురుకే మట్టి మెత్తబడి పరుచుకుంటుంది. గొట్టం పూర్తయ్యాక సాలీళ్ళ వేట. ఒక్కోదాన్ని కుట్టి, చంపకుండా చచ్చుబడేలా చేసి లోపల కుక్కుతుంది. సాలీడు మీద గుడ్డు పెట్టి మూత వేస్తుంది. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల పురుగుకు కుళ్ళిపోని మాంసం సిద్ధంగా ఉంటుంది.

మీలో పెద్దవాళ్ళకు భ్రమరకీటక న్యాయం గుర్తొచ్చి ఉంటుంది. కందిరీగ ఒక పురుగును తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ రొద పెడుతుంటే, ఆ పురుగు భయంతో దాన్నే తలుచుకుని తలుచుకుని తానే కందిరీగ అయిపోతుందని మన పెద్దలు చెప్పేవారు. భాగవతంలో అవధూత చెప్పిన ఇరవై నలుగురు గురువుల్లో ఆఖరిది ఈ కందిరీగే. దీన్ని మూఢనమ్మకమని నవ్వేసేవాళ్ళతో నేను ఏకీభవించను. చూసినవాళ్ళు చక్కగా చూశారు. గూట్లోకి పురుగు వెళ్ళింది, రొద వినిపించింది, కొన్నాళ్ళకు కందిరీగ బయటికొచ్చింది. వాళ్ళ కంటికి అందనిది లోపల పెట్టిన గుడ్డు ఒక్కటే.

ఆ కథకు ఇంకా బాగా సరిపోయేది మట్టితో చిన్న కుండలు కట్టే కందిరీగ. అది కట్టే కుండకు గుండ్రటి బుర్ర, పైన మూతి, మూతికి అంచు. కిటికీ ఊచల మీదో, ఎండు కొమ్మ మీదో కనిపిస్తుంది. మూత వేసిన కుండ ఒకటి విప్పి చూస్తే లోపల ఆకుపచ్చ గొంగళి పురుగులు వరసగా ఉంటాయి. పుల్లతో తాకితే కాస్త మెదులుతాయి కూడా. కుండ పైకప్పు నుంచి సన్నని పోగుకు గుడ్డు వేలాడుతుంటుంది, కింద మెదిలే పురుగుల ఒరిపిడి తగలకుండా. మీ పెరట్లో వంగ, టమాట మొక్కలుంటే ఈ కుండలు రాలగొట్టకండి.

వీటి బంధువులే మరికొన్ని గూడు కట్టే ఓపిక లేక, దొరికిన కన్నంలో సంసారం పెడతాయి. ప్లగ్ పాయింట్, తాళం కన్నం, ఏసీ నీళ్ళ గొట్టం, గ్యాస్ పొయ్యి బర్నర్, ఏదైనా సరే. మాసిన ఎరుపు రంగు కందిరీగ ఒకటి, నీలంగా మెరిసేది ఒకటి మన దగ్గర ఎక్కువ. ప్లగ్ పాయింట్ మట్టితో మూసుకుపోయి ఉంటే మెయిన్ ఆపకుండా పిన్నీసుతో పొడవకండి, అంతే.

ఇంత చిన్న మట్టిముద్ద ఏం చేస్తుందిలే అనుకుంటాం. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యూర్టో ప్లాటా నుంచి ఎగిరిన బిర్గెన్ ఎయిర్ బోయింగ్ 757 సముద్రంలో కూలి 189 మంది చనిపోయారు. కొన్నాళ్ళు నేల మీదే నిలిపి ఉంచిన విమానం అది. వేగాన్ని కొలిచే గొట్టం మూసుకుపోయి తప్పుడు లెక్క చూపించింది. గొట్టాలు దొరకలేదు గానీ, మట్టి కందిరీగ గూడే అడ్డుపడి ఉంటుందని దర్యాప్తులో అనుమానించారు. మన దేవుడి పటం వెనక ఉన్నదానికి దగ్గరి చుట్టమే అది.

సరే, మళ్ళీ ఇంట్లోకి వద్దాం. బాత్‌రూమ్ కిటికీ అద్దం మీద నల్లగా, సాలీడులా పొడుగు కాళ్ళతో, గోరులో సగమంత పొట్టను పైకీ కిందికీ టకటకా ఆడిస్తూ తిరిగేదాన్ని చూసే ఉంటారు. ఇవానియా దాని పేరు. మనుషులను కుట్టదు. బొద్దింకల గుడ్ల సంచుల్లో తన గుడ్లు పెడుతుంది, పిల్ల మొత్తం సంచిని తినేస్తుంది. అది మీ ఇంట్లో తిరుగుతోందంటే ఎక్కడో బొద్దింకలు కాపురం పెట్టాయని అర్థం. తిట్టవలసింది దాన్ని కాదు, సింక్ కింది అలమరాను!

ఇక పచ్చగా, లోహంలా మెరుస్తూ, తొడలు ఎర్రగా ఉండే ఆంప్యులెక్స్. ఇది బొద్దింకను రెండుసార్లు కుడుతుంది. మొదటిసారి ముందు కాళ్ళు పడిపోవడానికి, రెండోసారి సూటిగా మెదడులోకి. ఆ రెండో పోటుతో బొద్దింక నడవగలదు గానీ నడవాలన్న కోరిక పోతుంది. అప్పుడు మీసం సగానికి కొరికి, మిగిలిన ముక్క పట్టుకుని, పలుపు పట్టి దూడను తోలుకుపోయినట్టు తన కన్నంలోకి నడిపించుకుపోతుంది. బొద్దింకల మీదికి పనికొస్తుందని 1941లో దీన్ని హవాయికి తీసుకెళ్ళి వదిలారు. మనకు ఉచితంగా వచ్చింది, మనం చెప్పుతో కొడుతున్నాం.

ఇప్పుడు గుంపుల సంగతి. సన్‌షేడ్ కింద, వాడని కూలర్ లోపల, గేటు ఇనప గొట్టంలో బూడిద రంగు కాగితం గూడు కనిపిస్తుంది. సన్న కాడకు వేలాడుతూ, గదులు కిందికి తెరుచుకుని ఉంటాయి. కాగితం సొంత తయారీ: పాత తలుపు చెక్కనో ఎండు కొమ్మనో గీకి, ఆ పీచును నమిలి, లాలాజలం కలిపి పరుస్తాయి. చీమలు దిగకుండా కాడకు ఒక ద్రవం పూసే రకాలు కూడా ఉన్నాయి. ముదురు ఎరుపు మీద పసుపు చుక్కలుంటే అది రోపాలిడియా మార్జినాటా కావచ్చు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గదగ్కర్ దశాబ్దాల తరబడి దీన్నే చదివారు, ఒక్కో కందిరీగకూ రంగు చుక్కలు పెట్టి విడివిడిగా గుర్తుపడుతూ. వాళ్ళు చూసినదాంట్లో నాకు నచ్చిన విషయం: ఈ గూటి రాణి పరమ సాధువు, ఎవరినీ కరవదు, తరమదు. రాణిని తీసేస్తే మాత్రం కూలీల్లో ఒకటి ఉన్నట్టుండి ఒంటికాలి మీద లేస్తుంది, అందరి మీదా పడుతుంది. కొద్ది రోజుల్లో గుడ్లు పెట్టడం మొదలెట్టి, పదవి ఖాయమయ్యాక అదీ సాధువైపోతుంది. రాజకీయాల ప్రస్తావన గ్రంథాలయంలో వద్దన్నారు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

కాగితం గూడు దగ్గరికి వెళ్ళినప్పుడు అవి ముందే చెబుతాయి. అన్నీ మీ వైపు తిరిగి, రెక్కలు ఎత్తి, కదలకుండా నిలబడతాయి. అప్పుడు చేతులు ఊపకుండా నెమ్మదిగా వెనక్కి జరిగితే కథ ముగిసినట్టే. గూడు ఎవరికీ తగలని చోట ఉంటే వదిలెయ్యండి. మీ మొక్కల మీది గొంగళి పురుగులే వాటి పిల్లల తిండి. పిల్లలు తిరిగే తలుపు మీద ఉంటే మాత్రం తీయించాల్సిందే. ఆ పని తెలిసినవాళ్ళతోనే చేయించండి.

నిజంగా జాగ్రత్త పడవలసింది పెద్ద కందిరీగతో, ఇంగ్లిషులో హార్నెట్ అంటారే, దానితో. మన దగ్గర రెండు రకాలు ముఖ్యం. ఇటుక రంగు ఒళ్ళు, పసుపు ముఖం, పొట్ట మీద పసుపు పట్టీ ఉన్నది ఒకటి. మాంసం కొట్టు, మిఠాయి దుకాణం, చెత్తకుండీ చుట్టూ తిరిగేది అదే. పొట్ట ముందు భాగం నారింజ రంగు, మిగతాదంతా నలుపు ఉన్నది రెండోది, వెస్పా ట్రాపికా. ఇందాక చెప్పిన కాగితం గూళ్ళ మీద పడి, పిల్లలను లాక్కుని తినేది ఇదే. హార్నెట్ గూడు తరచూ గోడ సందులోనో నేల బొరియలోనో ఉంటుంది కాబట్టి గూడు కనపడదు, ఒకే కన్నంలోంచి వచ్చిపోయే రద్దీ కనపడుతుంది. ఆ కన్నాన్ని సిమెంటుతో మూయకండి. లోపలివి వేరే దారి వెతుక్కుంటాయి, ఆ దారి మీ పడకగదిలోకి తెరుచుకోవచ్చు.

తేనెటీగలు మీకు తెలిసినవే. ఒంటి మీద నూగు, వెనక కాళ్ళకు పుప్పొడి ముద్దలు. కందిరీగ ఒళ్ళు నున్నగా మెరుస్తుంది. వాటర్ ట్యాంకుకూ అపార్ట్‌మెంటు బాల్కనీ అడుగునా చేటంత పట్టు పెట్టేవి పెద్ద తేనెటీగలు. అలలు అలలుగా పొట్టలెత్తి పట్టు మీద మెరుపు పుట్టిస్తాయి, హార్నెట్లను బెదరగొట్టడానికి. వీటికి మంట పెట్టారంటే కింద నడిచేవాళ్ళంతా బలి. ఇవి కాలాన్ని బట్టి వలసపోయే జాతి, ఆగగలిగితే ఆగండి. ఎండు వెదురులోకో దూలంలోకో వేలు పట్టేంత గుండ్రటి కన్నం తొలిచి, కింద రంపపు పొట్టు రాల్చేది తుమ్మెద. నల్లగా, పెద్దగా, భయంకరంగా మోగుతుంది గానీ చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టదు.

వేషగాళ్ళు కొందరున్నారు. కుట్టేదానిలా కనిపిస్తే పిట్టలు జోలికి రావని పసుపు చారలు తొడుక్కున్నవి. పువ్వు ముందు గాల్లో కదలకుండా నిలబడేది, కళ్ళే తలంతా నిండి ఉన్నది, ఒక్క జత రెక్కలే ఉన్నది ఈగ జాతి. కందిరీగకు రెండు జతలుంటాయి. ఈమధ్య బాల్కనీలో కంపోస్టు డబ్బాలు పెట్టినవాళ్ళు నల్ల కందిరీగలు పుట్టుకొస్తున్నాయని కంగారు పడుతున్నారు. అవి నల్ల సైనికుడి ఈగలు, పాదాలు తెల్లగా ఉంటాయి చూడండి. వాటికి ముల్లే లేదు. వాటి పురుగులు మీ చెత్తను మీకంటే శ్రద్ధగా ఎరువు చేస్తాయి. గుమ్మం దగ్గర పట్టపగలు నీరసంగా ఎగిరే, పసుపు పట్టీలు, రెక్కల్లో అద్దాల్లాంటి మచ్చలు ఉన్నది సీతాకోకల చుట్టం, ఒక రకం చిమట.

దీనికి తలకిందులుగా, అమాయకంగా కనిపించి గట్టిగా కుట్టేది ఒకటుంది. తొలకరికి ఆరుద్ర పురుగులు బయటికొస్తే పిల్లలు అరచేతిలోకి తీసుకుంటారు, వాటితో ఏ ప్రమాదమూ లేదు. కానీ నేల మీద గబగబా పరిగెత్తే, చీమ ఆకారంలో ఉండే, ఛాతీ ఎర్రగా, పొట్ట నల్లగా ఉండి దాని మీద తెల్ల చుక్కలున్న నూగు పురుగు ఆరుద్ర కాదు. రెక్కల్లేని ఆడ కందిరీగ. ఆరుద్రకు ఎనిమిది కాళ్ళు, నడకలో తొందర ఉండదు, ఒళ్ళంతా ఒకటే ఎరుపు. పిల్లలకు ఈ తేడా చూపించండి.

కుడితే ఏం చెయ్యాలి? తేనెటీగ కుడితే ముల్లు చర్మంలో ఉండిపోయి విషం ఎక్కిస్తూనే ఉంటుంది, గోటితోనైనా సరే వెంటనే లాగెయ్యాలి. కందిరీగ ముల్లు వదలదు, అందుకే మళ్ళీ మళ్ళీ కుట్టగలదు. సబ్బుతో కడిగి మంచు పెడితే చాలు. ఇనుము రుద్దడం, సున్నం రాయడం మీ ఇష్టం. విషాన్ని మాత్రం అవి లాగవు. కానీ కుట్టిన చోట కాకుండా ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, పెదవులు వాచినా, ఊపిరాడకపోయినా, వాంతి వచ్చి కళ్ళు తిరిగినా ఒక్క నిమిషం ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. పెద్ద కందిరీగలు పదులకొద్దీ కుడితే మనిషి బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. విషం కండరాలను దెబ్బతీసి తర్వాత కిడ్నీల మీద పడవచ్చు. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారడం దాని గుర్తు.

ఫోన్లలో ఫోటోలు తెచ్చామన్నవాళ్ళు ముందుకు రండి. పైనుంచి తీసినవాటికంటే పక్కనుంచి తీసినవి నాకు పనికొస్తాయి, నడుము కనిపించాలి. గూడు ఫోటో ఉంటే ముందు అది చూపించండి.