టికెట్ మీది టైమును ఎట్లా చదవాలి?

శ్రోతలకు నమస్కారం. పాలమూరు, నల్లగొండ పల్లెల నుంచి బతుకుదెరువుకో, చదువుకో విమానమెక్కేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లనూ, సాగనంపే ఇంటివాళ్లనూ దృష్టిలో పెట్టుకునే ఈ నాలుగు మాటలు.

దుబాయి ప్రయాణమే తీసుకుందాం. శంషాబాద్ నుంచి అక్కడికి ఆకాశమార్గాన దగ్గరి దారి సుమారు 2,550 కిలోమీటర్లు. జెట్ విమానం పైకి పోయాక గంటకు 800 నుంచి 900 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ లెక్కన మూడు గంటలు చాలాలి. కానీ విమానం రన్‌వే దాకా మెల్లగా కదలడం, పైకెక్కడం, దిగడం, దిగాక ఆగేచోటికి చేరడం కలిస్తే ఇంకో అరగంటో ముప్పావుగంటో పడుతుంది.

ఇక గడియారం సంగతి. ఉదయం 10కి బయల్దేరి 12:15కి చేరుతుందని టికెట్ మీద ఉంటే, రెండుంబావు గంటలే కదా అనిపిస్తుంది. దుబాయి టైము మనకంటే గంటన్నర వెనక. అది కలిపితే అసలు ప్రయాణం 3 గంటల 45 నిమిషాలు. వచ్చేటప్పుడు ఆ గంటన్నర తీసెయ్యాలి. అయినా తిరుగు ప్రయాణం తరచూ కాస్త తొందరగానే ముగుస్తుంది. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు గాలి జోరుగా వీస్తుంటుంది, చలికాలంలో మరీను. మన దిక్కు వచ్చే విమానాన్ని అది వెనక నుంచి తోస్తుంది.

అన్నిటికంటే నాకు భయమనిపించేది అర్ధరాత్రి విమానం. టికెట్ మీద 15వ తేదీ, 00:40 అని ఉందనుకోండి. అంటే 14వ తేదీ రాత్రి పన్నెండు దాటిన నలభై నిమిషాలకు. మూడు గంటల ముందు చేరాలి కాబట్టి 14న రాత్రి 9:40 కల్లా ఎయిర్‌పోర్టు గేటు దగ్గర ఉండాలి. 15న పొద్దుగూకినాక తీరిగ్గా అన్నం తిని బయల్దేరితే ఆ విమానం వెళ్లి అప్పటికే దాదాపు ఒక రోజు అవుతుంది. అప్పు చేసి కొన్న టికెట్టు అట్లా పోతే ఆ ఇంటికి ఎంత దెబ్బ! తేదీని ఇద్దరు ముగ్గురితో చదివించుకోండి, సిగ్గుపడకండి.

పాలమూరు వాళ్లకు ఒక వెసులుబాటుంది. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా పోతే పట్నంలోకి పోకుండానే శంషాబాద్ వస్తుంది. రెండు గంటలు పెట్టుకుంటే చాలు. నల్లగొండ వాళ్లు చౌటుప్పల్ దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కాలి. సంక్రాంతి రోజుల్లో పంతంగి టోల్‌గేట్ దగ్గర బండ్లు బారులు తీరుతాయి, అప్పుడు ఇంకో గంటో రెండు గంటలో ముందే కదలండి.

ఇంట్లో ఉన్న అమ్మానాన్నలకు ఒక మాట. విమానం దిగే టైముకే ఫోను రాలేదని బెంగపడకండి. పాస్‌పోర్టు తనిఖీ వరుస, సామాను కోసం నిలబడటం, అక్కడి సిమ్ము వేసుకోవడం, వీటికే గంటకు పైగా పట్టొచ్చు.