కోర్టుకు దారి ఆసుపత్రి మీదుగానే

నమస్కారం అండీ. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. నేను క్లినికల్ సైకాలజిస్టుని, అంటే మానసిక జబ్బులున్నవాళ్ళతో ఆసుపత్రిలో పనిచేసే సైకాలజిస్టుని. మాది పూతలపట్టు దగ్గర పల్లె. ఈ వీడియో చేయడానికి కారణం ఒక అమ్మాయి, వాళ్ళ నాన్న.

పోయిన ఏడాది చిత్తూరులో ఒక జూనియర్ కాలేజీ వాళ్ళు పిలిస్తే, పరీక్షల టెన్షన్ గురించి పిల్లలతో మాట్లాడి వస్తున్నాను. గేటు దాకా వచ్చానో లేదో, సీనియర్ ఇంటర్ చదివే పిల్ల ఒకతి వెనకాలే పరుగెత్తుకుంటూ వచ్చింది. "మేడం, నేను ఫోరెన్సిక్ సైకాలజిస్టు కావాలి. హంతకుడి కళ్ళలోకి చూసి వాడి మనసులో ఏముందో చెప్పాలి. ఏం చదవాలి?" అంది. ఆమెను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన నాన్న పక్కనే బండి మీద ఉన్నాడు. "అదేం చదువమ్మా? పిచ్చోళ్ళ డాక్టరంటే రేపు సంబంధాలొస్తాయా?" అన్నాడు. ఇద్దరివీ నిజమైన ప్రశ్నలే. గేటు దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబులు కావు. నంబరు ఇచ్చి వచ్చాను. తర్వాత ఫోన్లో వాళ్ళకు చెప్పినదే ఇప్పుడు మీకూ చెప్తున్నాను, ఎందుకంటే ఇలా అడిగే ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి.

ముందు చదువు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. డిగ్రీలో సైకాలజీ ఉంటే మంచిది. పీజీ సైకాలజీలోనే చేయాలి, 55 శాతానికి తగ్గకుండా చూసుకోండి. ఇక్కడే మన ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ విభాగం ఉంది. పీజీ చేసినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. రోగుల మధ్య, సీనియర్ల పర్యవేక్షణలో రెండేళ్ళు పూర్తికాలం శిక్షణ పొందాలి. ఇన్నాళ్ళూ దానికి ఎం.ఫిల్. అని పేరు. బెంగళూరు నిమ్హాన్స్, రాంచీ సీఐపీ లాంటి చోట్ల ఈ శిక్షణకు ఎంతో పేరుంది. ఇది పూర్తిచేశాక రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐలో రిజిస్టర్ కావాలి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో నిర్వచించింది. ఈ రెండేళ్ళ శిక్షణ ఆ నిర్వచనంలోనే ఉంది. అయితే ఎం.ఫిల్.లో చేర్చుకోవడానికి యూజీసీ 2025-26 విద్యాసంవత్సరం వరకే గడువిచ్చింది. కోర్సుల పేర్లు మారుతున్న కాలమిది. అందుకే ఏ కాలేజీ బ్రోషరూ నమ్మకండి. ఆర్‌సీఐ ఆమోదించిన సంస్థల జాబితాలో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు పేరు రెండూ ఉన్నాయో లేదో మీ కళ్ళతో చూసుకుని ఫీజు కట్టండి. ఆరు వారాల ఆన్‌లైన్ డిప్లొమా చేసి బోర్డు పెట్టుకోవచ్చని చెప్పేవాళ్ళు ఉన్నారు. ఇల్లు తాకట్టు పెట్టి అలాంటి వాటికి ఫీజు కట్టిన తల్లిదండ్రులు నా ముందు కూర్చుని ఏడ్చారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మరి ఫోరెన్సిక్, అంటే నేరాలకూ కోర్టులకూ సంబంధించిన సైకాలజీ? క్లినికల్‌కు ఉన్నట్టు దీనికి ఆర్‌సీఐలో విడిగా రిజిస్ట్రేషన్ లేదు. ఫోరెన్సిక్ ల్యాబుల్లో సైకాలజీ విభాగాలు ఉన్నాయి, అబద్ధం పట్టడానికి చేసే పాలీగ్రాఫ్ లాంటి పరీక్షలు అక్కడే చేస్తారు. గాంధీనగర్‌లో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది. కానీ కోర్టు ఒక సైకాలజిస్టును పిలిచి అడిగే ప్రశ్నలు చూడండి. ఈ మనిషికి మతి స్థిమితం ఉందా? ఈ పిల్లవాడికి తాను చేసిన పని ఫలితం అర్థమయ్యే వయసు మనసుకు వచ్చిందా? ఈ పాపకు తగిలిన దెబ్బ ఎంత లోతుకు పోయింది? వీటికి జవాబు చెప్పాలంటే ముందు జబ్బు తెలియాలి. జబ్బు తెలియాలంటే జబ్బు మనిషి పక్కన కూర్చోవాలి. అందుకే ఆ అమ్మాయికి చెప్పాను, కోర్టుకు దారి ఆసుపత్రి మీదుగానే అని.

ఆసుపత్రిలో మా పని ఎలా ఉంటుందో ఒక్కటి చెప్తాను. సదరం క్యాంపు అంటే మన జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. వికలాంగుల సర్టిఫికెట్ కోసం తెల్లవారుజామునే బస్సెక్కి వస్తారు. బుద్ధి ఎదగని పిల్లల విషయంలో వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్ అని ఒకటి వాడతాం, డాక్టర్ మాలిన్ మన దేశానికి తగినట్టు మార్చినది. అందులో ఉండేవన్నీ ఇంటి ప్రశ్నలే. వాడే అన్నం కలుపుకుంటాడా? గుండీలు పెట్టుకుంటాడా? ఒంటరిగా అంగడికి పోయి సరుకు తెస్తాడా? జవాబులు చెప్పేది ఎక్కువగా తల్లి.

ఒక తల్లి, "అంగడికి పోతాడు సార్, తెస్తాడు" అని గర్వంగా చెప్పింది. పక్కన నేను ట్రైనీగా కూర్చున్నాను. మా సీనియర్ అక్కడితో వదల్లేదు. "ఎట్ల పోతాడమ్మా? ఏం చెప్తాడు? చిల్లర లెక్క చూసుకుంటాడా?" అని మెల్లగా అడిగాడు. అప్పుడు తెలిసింది. ఆమె చీటీ రాసి, డబ్బు దాంట్లో చుట్టి, పిల్లవాడి జేబులో పెట్టి పంపుతుంది. అంగడాయన చీటీ చూసి సరుకు కట్టి, మిగిలిన చిల్లర మళ్ళీ జేబులో పెడతాడు. ఆమె అబద్ధం చెప్పలేదు. కొడుకు గురించి పదిమందిలో ఒక మంచి మాట చెప్పుకోవాలనుకుంది, అంతే.

ఆ ఒక్క జవాబు ఎంత పని చేస్తుందో చూడండి. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో (2024లో కొత్తవి వచ్చాయి) ఆ స్కేలు మీద స్కోరు 55 నుంచి 69 మధ్య ఉంటే వైకల్యం 50 శాతం అని ఉంది. 70 నుంచి 84 మధ్య ఉంటే 25 శాతం. 40 శాతం ఉంటేనే చట్టం ఇచ్చే చాలా సదుపాయాలు అందుతాయి. అంటే 69కీ 70కీ మధ్య ఒక్క పాయింటు తేడా. ఆ గీతకు ఇటు ఒక కుటుంబం, అటు ఒక కుటుంబం. మనం అడగాల్సిన ఇంకో ప్రశ్న అడగకపోతే ఆ తల్లి వట్టి చేతులతో బస్సెక్కుతుంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే భయం వేసేది ఇదే. హంతకులను చూస్తే అంత భయం వేయదు.

ఇక అడగడం గురించి. ఈ వృత్తి మొత్తం అడగడంలోనే ఉందని నా నమ్మకం. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులకు కార్ల ప్రమాదం ఫిల్ము చూపించారు. 50 మందిని "కార్లు తగిలినప్పుడు ఎంత వేగంతో ఉన్నాయి?" అని అడిగారు. ఇంకో 50 మందిని "తుక్కుతుక్కుగా గుద్దుకున్నప్పుడు ఎంత వేగం?" అన్నట్టు అడిగారు. వారం తర్వాత పిలిచి, పగిలిన అద్దం చూశారా అని అడిగితే, మొదటి 50లో ఏడుగురు చూశామన్నారు, రెండో 50లో 16 మంది చూశామన్నారు. ఫిల్ములో అసలు పగిలిన అద్దమే లేదు. అడిగినవాళ్ళ మాట, చూసినవాళ్ళ జ్ఞాపకంలోకి దూరిపోయింది.

ఇది మన దగ్గర పోక్సో కేసుల్లో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల కేసుల్లో, ఎంత ముఖ్యమో ఊహించండి. చిన్న పాపను ముందు ఇంట్లో అమ్మ అడుగుతుంది, తర్వాత పిన్ని, ఎదురింటామె, తర్వాత పోలీసులు. "ఆ మామే కదా నీ మీద చెయ్యి వేసింది?" అని అడిగారనుకోండి, తల ఊపేస్తుంది. రేపు కోర్టులో డిఫెన్సు లాయరు సరిగ్గా అక్కడే పట్టుకుంటాడు, పాపకు జరిగింది నిజమే అయినా. 2012 పోక్సో చట్టం పిల్లలను కాపాడటానికి చాలా చెప్పింది. పాప వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, పోలీసు యూనిఫాంలో రాకూడదు, కోర్టులో నిందితుడు పాప కంటపడకూడదు. కానీ ప్రశ్న ఎలా ఉండాలన్నది చట్టం కంటే మనిషి మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

శిక్షణలో ఉన్నప్పుడు నేనూ ఈ తప్పు చేశాను. ఒక బాబుతో మాట్లాడి వచ్చి నోట్సు చూపిస్తే మా సూపర్‌వైజర్ నా ప్రశ్నల్లో తొమ్మిదింటి కింద ఎర్ర గీత గీశాడు. "ఇవి ప్రశ్నలు కావమ్మా, జవాబులు. నువ్వే చెప్పి వాడిచేత అవుననిపించావు" అన్నాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. నగరి వైపు పిల్లలు సగం తమిళంలో చెప్తారు. కుప్పం పిల్లల మాటల్లో తమిళం, కన్నడం రెండూ కలుస్తాయి. ఒంటి భాగాలకు ఒక్కో ఇంట్లో ఒక్కో ముద్దు పేరు. హైదరాబాదు నుంచి వచ్చిన వాళ్ళకు అవి అందవు. అందుకే ఈ పనికి ఇక్కడి పిల్లలే రావాలని కోరుకుంటాను.

పూనకం సంగతీ అంతే. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, తోటి వేషం, మాతంగి వేషం కట్టి జనం వీధుల్లో తిరుగుతారు. బూతులు తిట్టడం కూడా మొక్కులో భాగమే. ఇవేమీ తెలియని డాక్టరు ఆ రోజు చూస్తే ఊరంతా జబ్బుతో ఉందనుకుంటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక, ఐసీడీ-11 కూడా ఈ మాట స్పష్టంగా చెప్తుంది. ఆ జనం ఆచారంలో భాగంగా వచ్చే పూనకాన్ని జబ్బుగా రాయకూడదు. కానీ జాతర అయిపోయి మూడు నెలలైనా, ఒక అమ్మాయికి వారానికి నాలుగుసార్లు క్లాసులో పూనకం వస్తోంది, అన్నం మానేసింది, బడి మానేసింది అంటే అప్పుడు కూర్చుని మాట్లాడాలి. ఇంట్లో ఏదో నోరు విప్పి చెప్పలేనిది ఉందేమో చూడాలి. తాయెత్తు కట్టిన వాళ్ళను నేను తిట్టను. తాయెత్తుతోపాటు తిరుపతి రుయా ఆసుపత్రిలో ఓపీ చీటీ కూడా రాయించమంటాను.

ఇప్పుడు ఆ అమ్మాయి అడిగిన హంతకుల దగ్గరికి వస్తాను. మందు ఎక్కించి నిజం చెప్పించడం, మెదడు తరంగాలు చూసి నేరం పట్టడం, ఇవి మన టీవీల్లో చాలా వచ్చాయి. 2010లో సెల్వి వర్సెస్ కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. నార్కో, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్, ఏదైనా సరే మనిషి ఒప్పుకోకుండా చేస్తే రాజ్యాంగం 20(3), 21 అధికరణాలకు విరుద్ధం. తన మీద తానే సాక్ష్యం చెప్పేలా ఎవరినీ బలవంతపెట్టకూడదనేది మొదటిది, జీవితం, వ్యక్తిగత స్వేచ్ఛ రెండోది. ఆ తీర్పు చదివాక ఈ వృత్తి మీద నా గౌరవం పెరిగింది. ఎదుటి మనిషి మనసు వాడిదే, నేరం చేసినా వాడిదే.

ఇక మతి స్థిమితం సంగతి. మతి స్థిమితం లేని స్థితిలో చేసింది నేరం కాదనే సెక్షన్ పాత ఐపీసీలో 84, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 22. జబ్బు ఉందా అన్న ఒక్క ప్రశ్నతో అది అయిపోదు. ఆ పని చేసిన ఆ సమయంలో, తానేం చేస్తున్నాడో, అది తప్పో కాదో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా అన్నది చూడాలి. పదేళ్ళుగా స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుకు మందులు వాడుతున్న మనిషి కూడా ఆ సాయంత్రం అన్నీ తెలిసే చేసి ఉండొచ్చు. కేసు మన దగ్గరికి వచ్చేసరికి ఆ సాయంత్రం గడిచి నెలలవుతుంది. పాత ఓపీ చీటీలు, ఇంటివాళ్ళ మాటలు, జైలు రికార్డు, అన్నీ ముందేసుకుని వెనక్కి నడవాలి.

నాకు అన్నిటికంటే బరువనిపించేది 16 నుంచి 18 ఏళ్ళ పిల్లల కేసులు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఘోరమైన నేరంలో ఇరుక్కున్న ఆ వయసు పిల్లవాడిని పెద్దవాడిగా విచారించాలా వద్దా అని జువెనైల్ జస్టిస్ బోర్డు మొదట ఒక అంచనాకు రావాలి. వాడి మానసిక, శారీరక సామర్థ్యం, ఫలితం అర్థం చేసుకునే శక్తి, ఏ పరిస్థితుల్లో జరిగింది, ఇవి చూడాలి. బోర్డు సభ్యుల్లో పిల్లల మానసిక శాస్త్రం తెలిసినవాళ్ళు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరిగా తీసుకోవాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ పిల్లవాణ్ణి "నువ్వు చేశావా?" అని అడగడం మన పని కాదు, అది విచారణ పని. వాడు ఎన్నో తరగతిలో బడి మానేశాడు, ఎవరి వెంట తిరిగాడు, రాత్రి ఎక్కడ పడుకునేవాడు, ఇంట్లో ఎవరు కొట్టేవారు, నేను అడిగేవి ఇవి. రిపోర్టులో ఒక్క విశేషణం ఎక్కువ రాసినా అది వాడి జీవితం మీద పడుతుంది. అలాంటి రిపోర్టు ఒకటి రాసిన రాత్రి నేను మూడుసార్లు లేచి మళ్ళీ చదువుకున్నాను.

వాళ్ళ నాన్నకు ఏం చెప్పానంటే, "అన్నా, మా ఊళ్ళోనూ మొదట పిచ్చి డాక్టరనే అన్నారు. ఇప్పుడు అదే ఊరివాళ్ళు రాత్రి పదింటికి ఫోన్ చేసి, మా పిల్లోడు గదిలో నుంచి రావడం లేదమ్మా, ఏం చేయాలి అని అడుగుతున్నారు." 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. అంటే ప్రతి వీధిలోనూ ఉన్నట్టే. ఎవరికైనా అర్ధరాత్రి కష్టం తోస్తే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. డబ్బు గురించీ దాచలేదు. శిక్షణ కాలంలో కొన్నిచోట్ల స్టైపెండ్ ఇస్తారు, కొన్నిచోట్ల ఎదురు ఫీజు కట్టాలి. తోటి పిల్లలు ఉద్యోగంలో చేరి స్కూటర్ కొనుక్కునే రోజుకు ఈమె ఇంకా వార్డులో కేస్ షీట్ రాస్తూ ఉంటుంది. ఆ నాలుగైదేళ్ళు ఇల్లు ఓర్చుకోవాలి. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "సరేమ్మా, చదువుకోనీ" అన్నాడు.

ఆ అమ్మాయి డిగ్రీలో సైకాలజీ తీసుకుంది. పోయిన వారం ఫోన్ చేసింది, ఇప్పుడు మేడం పోయి అక్క అయ్యాను. ల్యాబులో మిర్రర్ డ్రాయింగ్ చేయించారట. అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం మీద పెన్సిల్ నడపాలి. "నా చెయ్యి నా మాట వినలేదక్కా, గీత బయటికి పోతానే ఉంది. ఆరోసారికి కాస్త కుదిరింది. ఎందుకట్ల కుదురుతుంది?" అని అడిగింది. అరగంట దాని గురించే మాట్లాడింది. హంతకుల మాట ఎత్తనే లేదు.