శుద్ధి ఖర్చు సరే, జబ్బు ఖర్చు ఎవరి పద్దు?

అందరికీ నమస్కారమండీ. రణస్థలంలో నిలబడి కాలుష్యం చెడ్డదని నేను చెప్పక్కర్లేదు, మందుల ఫ్యాక్టరీలున్న పైడిభీమవరం వైపు నుంచి గాలి తిరిగిన రాత్రి మీ ముక్కులే చెబుతాయి. నేను మాట్లాడేది డబ్బు గురించి.

ఫ్యాక్టరీ వ్యర్థాల శుద్ధికి ఖర్చవుతుంది, కాదనను. మందుల ఫ్యాక్టరీ నీళ్లలో ఉప్పులుంటాయి, సాల్వెంట్లు, అంటే రసాయన ద్రావకాలు ఉంటాయి. ట్యాంకులో గాలి కొట్టినంత మాత్రాన ఉప్పు పోదు, నీటిని మరిగించి ఆవిరి చేసి విడదీయాలి, దానికి బాయిలరు కావాలి, చాలాచోట్ల ఆ బాయిలరుకి బొగ్గే. నీళ్లు బాగుచేయబోయి పొగ పెడుతున్నామన్నమాట! అందుకే లెక్క చూడకుండా "అంతా సున్నా చేసెయ్యాలి" అనే నినాదం నాకు అంతగా రుచించదు.

అయితే ఆ ఖర్చంతా ఒకే పద్దులో పడుతుంది కాబట్టి యజమానికి కొండంత కనిపిస్తుంది. లాభం మాత్రం వందల ఇళ్లలో చిల్లరగా ఉంటుంది. బోరు నీళ్లు నోట పెట్టలేక ఒక ఇల్లు రోజుకో టిన్ను కొంటోందనుకోండి, టిన్ను 20 రూపాయలనుకున్నా ఏడాదికి 7,300. ఆయాసపు పిల్లాడికి ఇన్‌హేలరు, వాణ్ని శ్రీకాకుళం తీసుకెళ్లిన రోజు తల్లికి పోయిన కూలి, ఆటో డబ్బులు... ఇవి ఏ బ్యాలెన్స్ షీటులోనూ ఎక్కవు.

అమెరికాలో ఎక్కించి చూశారు. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ, గాలి చట్టానికి 1990లో చేసిన సవరణల మీద 2011లో ఒక అంచనా ఇచ్చింది. 2020లో ఖర్చు సుమారు 6,500 కోట్ల డాలర్లు, లాభం సుమారు 2 లక్షల కోట్ల డాలర్లు. ఆ లాభంలో సింహభాగం సన్నటి ధూళి తగ్గి తప్పిన అకాల మరణాలదే. ప్రాణానికి రేటు కట్టడమేంటని కొందరికి కోపం వస్తుంది. కట్టకపోతే ఆ గడిలో సున్నా వేసినట్టేనండీ, ఇప్పుడు మన దగ్గర జరుగుతున్నదదే. కాకపోతే కూలి రేటు చూసి ప్రాణం రేటు కడితే మన మత్స్యకారుడి ప్రాణం చవకైపోతుంది, అక్కడ మాత్రం జాగ్రత్త.

ఇంకోమాట. ఉద్దానం కిడ్నీ జబ్బుని ఈ లెక్కలో కలపకండి. దాని కారణం ఇంకా తేలలేదు, ఆవేశంలో అదీ ఫ్యాక్టరీల నెత్తినేస్తే మిగతా లెక్కంతా కొట్టిపారేస్తారు.

ఈసారి ఫ్యాక్టరీ మీద ప్రజాభిప్రాయ సేకరణకి కలెక్టరు గారొచ్చినప్పుడు "ఉద్యోగాలెన్ని" దగ్గరే ఆగిపోకండి. శుద్ధి ప్లాంటుకి వేరే కరెంటు మీటరుందా, ఉంటే నెలనెలా రీడింగు చూపించమనండి. ప్లాంటు నడవకుండా ఆ మీటరు తిరగదు. ఆ రీడింగుల పక్కన మన పీహెచ్‌సీ ఓపీ రిజిస్టరులో ఆయాసం కేసులు కూడా పెట్టి చూడమని అడగండి.