జిమ్ యంత్రం చూపే క్యాలరీలను ఎంతవరకు నమ్మవచ్చు

సభకు నమస్కారం.

ట్రెడ్‌మిల్ దిగగానే తెర మీద 300 క్యాలరీలు అన్న అంకె చూసి, ఆ మేరకు ఆ పూట కాస్త ఎక్కువ తినవచ్చునని లెక్క వేసుకునేవారు ఎందరో ఉన్నారు. బరువు తగ్గాలని నిజాయతీగా చెమటోడ్చే మనిషి, ఆ అంకెను నమ్మి తిండిని సరిచూసుకుని, నెలలు గడిచినా ఫలితం కనబడక తన పట్టుదలనే శంకించుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. అందుకే ఆ అంకె ఎలా పుడుతుందో, ఏ యంత్రం మీద అది నిజానికి దగ్గరగా ఉంటుందో ఈ రోజు వివరించదలచుకున్నాను.

శరీరం ఖర్చు చేసే శక్తిని ప్రయోగశాలలో కొలవాలంటే ముఖానికి మాస్కు తగిలించి, పీల్చే గాలిలోనూ వదిలే గాలిలోనూ ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంతెంత ఉన్నాయో లెక్కగడతారు. ఒక లీటరు ఆక్సిజన్ వాడుకున్నప్పుడు శరీరం సుమారు 5 కిలోక్యాలరీలు ఖర్చు చేసినట్టు. మనం మామూలుగా క్యాలరీలని చెప్పుకునేవి ఇవే. జిమ్ యంత్రానికి మన ఊపిరి సంగతి తెలియదు. బెల్టు ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత ఎత్తుకు లేచింది, పెడలు ఎంత బరువుగా ఉంది అన్నవే దానికి తెలుస్తాయి. వాటిని ఒక సమీకరణంలో వేసి, సగటు మనిషికి ఎంత ఖర్చయి ఉంటుందో అంచనా కడుతుంది. మనిషి చేసే యాంత్రిక శ్రమను యంత్రం ఎంత సూటిగా కొలవగలిగితే ఆ అంచనా అంతగా నిలబడుతుందన్నది నేను చెప్పదలచిన ముఖ్య విషయం.

ఈ లెక్కన అన్నిటికంటే ఎక్కువ నమ్మదగినది, పెడలు మీద పడే శక్తిని నిజంగా కొలిచి వాట్లలో చూపించే సైకిలు. 100 వాట్ల చొప్పున అరగంట తొక్కితే 180 కిలోజౌళ్ల పని జరుగుతుంది. అది సుమారు 43 కిలోక్యాలరీలకు సమానం. అయితే మన కండరాలు ఖర్చు చేసే శక్తిలో 20 నుంచి 25 శాతం మాత్రమే పెడలుకు చేరుతుంది, మిగిలినదంతా వేడిగా పోతుంది. కాబట్టి శరీరానికి అయిన ఖర్చు 172కూ 215కూ మధ్య ఉంటుంది. ఒక కిలోక్యాలరీ 4.184 కిలోజౌళ్లు కావడం, మన సామర్థ్యం కూడా ఇంచుమించు నాలుగో వంతే కావడం వల్ల, చేసిన పని కిలోజౌళ్లలో ఎంతో ఖర్చయిన క్యాలరీలు కూడా దాదాపు అంతే అవుతాయి. ఇంత చక్కని కాకతాళీయం ఈ రంగంలో మరొకటి నాకు కనబడలేదు. కేవలం లెవెల్ నంబరు చూపించి ఊరుకునే సైకిళ్లకు మాత్రం ఈ గౌరవం ఇవ్వలేము.

పడవ తెడ్డు వేసినట్టు లాగే రోయింగ్ యంత్రం కూడా వాట్లను కొలుస్తుంది. కానీ కాన్సెప్ట్ 2 అనే సంస్థ తయారుచేసే రోయింగ్ యంత్రపు తెర వాడే సూత్రాన్ని చూడండి: వాట్లను 4తోనూ 0.8604తోనూ గుణించి, దానికి గంటకు 300 క్యాలరీలు కలుపుతుంది. ఆ 300 సుమారు 79 కిలోల మనిషికి సరిపోయే అంకె. 55 కిలోల మనిషికి బరువును బట్టి సర్దితే దాదాపు 208 మాత్రమే కలపాలి. అంటే తేలికపాటి మనిషికి తెర గంటకు 90 పైచిలుకు క్యాలరీలు ఎక్కువగా చూపుతుంది. ఆ సంస్థ బరువును బట్టి సరిచేసుకునే లెక్కను కూడా ప్రకటించింది, దాన్ని వాడుకోవాలి.

ట్రెడ్‌మిల్ విషయంలో కాస్త ఎక్కువసేపు ఆగుదాం. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇచ్చిన నడక సమీకరణం ప్రకారం, 70 కిలోల మనిషి గంటకు 6 కిలోమీటర్ల వేగంతో సమతలం మీద అరగంట నడిస్తే సుమారు 142 క్యాలరీలు ఖర్చవుతాయి. బెల్టును 10 శాతం ఏటవాలుకు లేపితే అది 330 దాటుతుంది. అయితే ఈ పెరుగుదల అంతా మన బరువును మన కాళ్లే పైకి మోస్తేనే నిజం. ముందున్న కడ్డీని గట్టిగా పట్టుకుని వెనక్కి వాలితే కాళ్ల మీద భారం తగ్గిపోతుంది, యంత్రానికి మాత్రం ఆ సంగతి తెలియదు కనుక అది పూర్తి లెక్కే చూపుతుంది. శరీరం తూలుతుందని భయపడేవారు కడ్డీ పట్టుకోవడంలో తప్పేమీ లేదు, అప్పుడు అంకెను పక్కన పెట్టాలి, అంతే. ఇంకొక సంగతి: ఆ 142లో సుమారు 37 క్యాలరీలు ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే. వ్యాయామం వల్ల అదనంగా ఖర్చయినవి 105 మాత్రమే. ఇక బరువు నమోదు చేయకుండా నేరుగా స్టార్ట్ నొక్కితే, యంత్రం తనకు తోచిన బరువుతోనే లెక్క కడుతుంది.

నిలబడి రెండు పెడళ్లను తొక్కుతూ చేతికర్రలను ముందుకూ వెనక్కూ కదిపే ఎలిప్టికల్ యంత్రం మీద చూపే అంకెను నేను అన్నిటికంటే తక్కువ నమ్ముతాను. ఒక్కో తయారీలో అడుగు పొడవు, లోపల తిరిగే చక్రం బరువు, చేతికర్రల కదలిక వేరువేరుగా ఉంటాయి. నడకకున్నట్టు దానికి అందరూ అంగీకరించిన సమీకరణం లేదు. పైగా పాదం ఎప్పుడూ పెడలు మీదే ఆని ఉండటం వల్ల, చక్రం అందుకున్న వేగంతో సులువుగా సాగిపోవడం కూడా సాధ్యమే.

యంత్రాన్ని వదిలి చేతి గడియారాన్ని నమ్ముదామంటే, 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు పరికరాలను పరీక్షించినప్పుడు, వాటిలో ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చూపగలిగాయి గానీ, క్యాలరీల విషయంలో అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. ఉక్కపోతలోనూ, కాఫీ తాగినప్పుడూ, ఆందోళనలోనూ ఆక్సిజన్ వాడకం అంతగా పెరగకుండానే గుండె వేగం పెరుగుతుంది. కాబట్టి దాని నుంచి రాబట్టిన క్యాలరీలు అలా తప్పడంలో ఆశ్చర్యం లేదు.

ఇన్ని లోపాలున్నా ఆ అంకెను పారేయమని నేను అనను. అదే యంత్రం మీద, అదే బరువు నమోదు చేసి, కడ్డీ పట్టుకోకుండా చేసినప్పుడు, ఈ వారం శ్రమ పోయిన వారం కంటే పెరిగిందో లేదో అది చక్కగా చెబుతుంది. తిండి లెక్కలోకి మాత్రం దాన్ని తీసుకురావద్దు. జిమ్ నడిపేవారికీ, యంత్రాలు తయారుచేసేవారికీ నాదొక విన్నపం: ఏ బరువు ఆధారంగా లెక్క కట్టారో, విశ్రాంతిలో అయ్యే ఖర్చును అందులో కలిపారో లేదో, తెర మీదే ఆ అంకె పక్కన కనబడేలా రాయండి.