పాత టయోటా పికప్‌కి ముందు సాలిడ్ యాక్సిల్: కోతకు ముందే కొలతలు

[తెర మీద: రెండు పాత టయోటా పికప్పులు పక్కపక్కన. కెమెరా నెమ్మదిగా బంపర్ల కిందికి దిగుతుంది.]

నమస్కారం. ఇవి రెండూ అమెరికాలో అమ్మిన టయోటా ఫోర్ బై ఫోర్ పికప్పులే. ఎడమ పక్కది 1985 మోడల్, కుడి పక్కది 1986. రెండింట్లోనూ 22ఆర్‌ఈ ఇంజనే. బానెట్ ఎత్తి చూస్తే పెద్ద తేడా కనిపించదు. కిందికి వంగి చూడండి, అసలు సంగతి అక్కడుంది.

85 బండికి ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటే ఇనుప యాక్సిల్, అంటే సాలిడ్ యాక్సిల్. దానికి రెండు పక్కలా కమాను పట్టీలు, అంటే లీఫ్ స్ప్రింగులు. 86లో టయోటా దాన్ని తీసేసి ఇండిపెండెంట్ సస్పెన్షన్ పెట్టింది. ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదులుతుంది. రెండు చక్రాలకీ శక్తిని పంచే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్, ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. స్ప్రింగు పని టార్షన్ బార్లు, అంటే మెలితిరిగే ఉక్కు కడ్డీలు, చేస్తాయి. 1995 దాకా ఆ పికప్ ఇదే పద్ధతిలో వచ్చింది.

హైవే మీద ప్రయాణం మెత్తబడిన మాట నిజం. రాళ్ల దారుల్లో తిరిగేవాళ్లకు మాత్రం అది మింగుడు పడలేదు. అందుకే ఆ 86–95 బండ్లకు మళ్లీ సాలిడ్ యాక్సిల్ ఎక్కించడం అక్కడ దశాబ్దాలుగా నడుస్తోంది. ఆస్ట్రేలియాలో అయితే హైలక్స్ ఫోర్ బై ఫోర్‌ని 1997 దాకా ముందు సాలిడ్ యాక్సిల్‌తోనే అమ్మారు. టెక్సాస్, ఆరిజోనా, కాలిఫోర్నియా వైపు ఉంటూ శని, ఆదివారాల్లో గరాజ్‌లో పాత ట్రక్కుతో కుస్తీ పడుతున్న మనవాళ్ల కోసం ఈ వీడియో.

[తెర మీద: ఒక చక్రం రాయి ఎక్కుతున్న దృశ్యం, ముందు నుంచి.]

ముందు ఒక ప్రశ్న. ఎందుకు మార్చాలి? సాలిడ్ యాక్సిల్ కావడి లాంటిది. ఒక కొన పైకి లేస్తే రెండో కొన కిందికి దిగుతుంది. ఎడమ చక్రం రాయి ఎక్కగానే కుడి చక్రం నేల మీదికి అదుముకుంటుంది. పట్టు పోదు. పైగా డిఫరెన్షియల్ చక్రాలతో పాటే లేస్తుంది కాబట్టి దాని కింద ఖాళీ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో స్ప్రింగు నొక్కుకున్నకొద్దీ బండి పొట్ట నేలకి దగ్గరవుతుంది. చక్రం కిందికి అందే దూరమూ తక్కువ, ఒక చక్రం గాల్లోకి లేచిపోతుంది. టార్షన్ బార్లు బిగించి బండిని ఎత్తు చేస్తే సరిపోతుందిగా అంటారు కొందరు. అలా చేస్తే చక్రం కిందికి దిగే దూరం ఇంకా తగ్గిపోతుంది, చక్రాలకి శక్తిని అందించే సీవీ జాయింట్లు వంకరగా తిరిగి త్వరగా పోతాయి, స్టీరింగ్ లింకులని మోసే ఐడ్లర్ ఆర్మ్ మీద భారం పడుతుంది.

అయితే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ ట్రక్కు నూటికి తొంభై పాళ్లు తారు రోడ్డు మీదే తిరుగుతుంటే ఈ పని వద్దు. అరిగిన బుష్‌లు, బాల్ జాయింట్లు, ఐడ్లర్ ఆర్మ్ మార్చుకోండి, బండి హాయిగా నడుస్తుంది. రూబికాన్ ట్రైల్ లాంటి రాళ్ల దారులకు మళ్లీ మళ్లీ వెళ్లేవాళ్లకే ఇంత శ్రమకీ ఖర్చుకీ అర్థం ఉంటుంది.

[తెర మీద: నేల మీద పెట్టిన 79–85 యాక్సిల్. డిఫరెన్షియల్ ఉబ్బు కుడి పక్కకి ఉందని బాణం గుర్తు.]

సరే, ఏ యాక్సిల్ తెచ్చుకోవాలి? ఎక్కువమంది 1979 నుంచి 85 వరకు వచ్చిన టయోటా యాక్సిల్‌నే వెతుకుతారు. దానికి బలమైన కారణం ఉంది. 95 దాకా వచ్చిన ఈ పికప్పుల్లో ఇంజన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందు షాఫ్టు వచ్చేది కుడి పక్క, అంటే అమెరికా బండిలో ప్యాసింజర్ వైపు. ఈ యాక్సిల్‌లో డిఫరెన్షియల్ కూడా కుడి పక్కే. రెండూ ఎదురెదురుగా కుదురుతాయి. 1995లో వచ్చిన టకోమాకి ఇది ఎడమ వైపుకి మారిపోయింది, ఆ బండి లెక్క వేరు. ఇంకో లాభం, పాత యాక్సిల్‌లో రింగ్ గేర్, అంటే డిఫరెన్షియల్ లోపలి పెద్ద పళ్ల చక్రం, 8 అంగుళాలు. 86 తర్వాత బండి ముందు డిఫరెన్షియల్‌లో ఉండేది 7.5 అంగుళాలదే. చక్రం బోల్టులు కూడా అదే కొలత, 139.7 మిల్లీమీటర్ల వృత్తం మీద ఆరు.

రెండు చిక్కులున్నాయి. మొదటిది వెడల్పు. 86లో టయోటా వెనక యాక్సిల్‌ని కూడా సుమారు 3 అంగుళాలు వెడల్పు చేసింది. పాత ముందు యాక్సిల్ పెడితే ముందు చక్రాలు లోపలికి, వెనక చక్రాలు బయటికి ఉంటాయి. దీనికి పక్కకి ఒకటిన్నర అంగుళాల స్పేసర్ వేస్తారు, లేదా కొత్త బండి హబ్బులే పాత యాక్సిల్ మీదికి మారుస్తారు. నాకు హబ్బుల పద్ధతే నచ్చుతుంది, బిగించాల్సిన నట్ల వరస ఒకటి తగ్గుతుంది. రెండోది గేర్ రేషియో. ముందూ వెనకా ఒకే రేషియో ఉండి తీరాలి. వెనక 4.10, ముందు ఇంకోటి ఉంటే ఫోర్ వీల్ వేసిన రోజే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద దెబ్బ. చీటీ మీద రాసింది నమ్మకండి. డిఫరెన్షియల్ విప్పి పళ్లు లెక్కపెట్టండి. రింగ్‌కి 41, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కి 10 ఉంటే అది 4.10.

[తెర మీద: టార్షన్ బార్ సర్దుబాటు బోల్టు, దగ్గరి నుంచి.]

ఇక విప్పడం. ఇక్కడ ఒక్క విషయంలో తొందర పనికిరాదు. టార్షన్ బార్ మెలితిప్పిన ఉక్కు కడ్డీ. దాన్ని వదులు చేయకుండా ఆర్మ్ విప్పితే ఆ బలమంతా ఒక్కసారిగా వదులుతుంది, చెయ్యి విరుగుతుంది. బండిని స్టాండ్ల మీద నిలబెట్టి సర్దుబాటు బోల్టులు పూర్తిగా వదులు చేశాకే మిగతాదాని జోలికి వెళ్లండి. తర్వాత గ్రైండరో ప్లాస్మా కట్టరో పట్టుకుని పాత బ్రాకెట్లు కోసేయడం మొరటు పని, చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఛాసిస్ పక్కన పోయే పెట్రోలు గొట్టాన్నీ బ్రేకు గొట్టాన్నీ పక్కకి జరిపి, బ్యాటరీ కేబుల్ తీసేసి మొదలుపెట్టండి. దగ్గర్లో మంటలార్పే సిలిండర్ ఉంచుకోండి.

[తెర మీద: యాక్సిల్ బండి కింద కుదురుతోంది. గుండు కట్టిన దారం వేలాడుతోంది.]

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. ఈ మార్పు బాగా కుదిరేదీ చెడిపోయేదీ ఇక్కడే. వెల్డింగ్ చక్కగా వచ్చి కూడా రోడ్డు మీద ఊగిపోయే ట్రక్కులు చాలా ఉన్నాయి. లోపం వెల్డింగ్‌లో ఉండదు, కొలతల్లో ఉంటుంది.

స్ప్రింగు కొనలను ఛాసిస్‌కి పట్టే హ్యాంగర్లూ, ఊగే లంకె అయిన షాకిల్ బ్రాకెట్లూ ముందు చుక్క వెల్డింగ్ మాత్రమే పెట్టండి. యాక్సిల్ పెట్టి, బండి బరువంతా స్ప్రింగుల మీద దింపి, అప్పుడు కొలవండి. వెనక యాక్సిల్ మధ్య నుంచి ముందు యాక్సిల్ మధ్యకి రెండు పక్కలా దూరం సమానంగా రావాలి. ఒక మూల నుంచి ఎదుటి మూలకి ఐమూలగా కూడా కొలవాలి. దారానికి గుండు కట్టి వేలాడదీసి నేల మీద గుర్తులు పెట్టుకుంటే ఛాసిస్ అడ్డం రాదు. నేల సమంగా లేకపోతే ఈ కొలతలన్నీ వృథా.

షాకిల్ వెనక పక్క, కదలని కన్ను ముందు పక్క పెట్టడం మంచిదని నా నమ్మకం. గుంట తగిలినప్పుడు యాక్సిల్ పైకి లేస్తూనే కాస్త వెనక్కి జరగాలని చూస్తుంది. షాకిల్ వెనకుంటే దానికి చోటు దొరుకుతుంది, దెబ్బ మెత్తగా తగులుతుంది.

తర్వాత క్యాస్టర్. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం మళ్లే నిలువు ఇరుసు పై భాగం కొద్దిగా వెనక్కి వాలి ఉండాలి. ఆ వాలు వల్లే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను నిటారుకి వస్తుంది. పెద్ద టైర్ల పికప్‌కి మామూలుగా 4 నుంచి 6 డిగ్రీల మధ్య చూసుకుంటారు. చిక్కేమిటంటే, క్యాస్టర్ పెంచడానికి యాక్సిల్‌ని వెనక్కి తిప్పితే పినియన్ ముక్కు కిందికి పోతుంది. పైనున్న ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి వచ్చే షాఫ్టు మరీ ఏటవాలుగా పడుతుంది, జాయింట్లు ఒణుకుతాయి. పినియన్‌ని పైకి లేపితే క్యాస్టర్ పోతుంది. రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి. తక్కువ ఎత్తు కట్టే బండికి మధ్యే మార్గం దొరుకుతుంది. ఎత్తు బాగా పెరిగితే మాత్రం యాక్సిల్ కొనల్లో ఉండే గుండ్రటి నకిల్ బాల్స్ (చక్రాన్ని మళ్లించే నకిల్ వీటి మీదే తిరుగుతుంది) వెల్డింగ్ కోసి, తిప్పి, మళ్లీ వెల్డ్ చేయాల్సిందే. అది ఇంటి గరాజ్‌లో చేసే పని కాదు, జిగ్, అంటే కొలతలు కదలకుండా పట్టే చట్రం, ఉన్న షాపుకి ఇవ్వండి. ఎత్తు ఎంత తక్కువ పెట్టుకుంటే తలనొప్పి అంత తక్కువ.

[తెర మీద: స్టీరింగ్ లింకులు, పై నుంచి.]

స్టీరింగ్. పాత 79–85 బండిలో స్టీరింగ్ బాక్స్‌ని చక్రానికి కలిపే కడ్డీ, అంటే డ్రాగ్ లింక్, ముందుకీ వెనక్కీ నెట్టేది. స్ప్రింగు కదిలినప్పుడల్లా స్టీరింగ్ చేతిలో తిరిగేది. 86 తర్వాతి బండి స్టీరింగ్ బాక్స్ ఆర్మ్ పక్కలకి ఊగుతుంది, ఇది మనకి కలిసొచ్చే విషయం. ఆ బాక్స్ నుంచి పొడవాటి డ్రాగ్ లింక్‌ని అడ్డంగా కుడి పక్క నకిల్‌కి కలుపుతారు. లింక్ పొడవుగా ఉండి, బండి నిలబడి ఉన్నప్పుడు దాదాపు సమంగా ఉంటే స్ప్రింగు పైకీ కిందికీ వెళ్లినా స్టీరింగ్ మీద ప్రభావం అంతగా పడదు. దీనికోసం నకిల్స్ నెత్తిన బలమైన ఆర్మ్‌లు బిగిస్తారు. రెండు చక్రాలనీ కలిపే టై రాడ్ కూడా వాటికే కడితే రాళ్లకు అందకుండా పైకి పోతుంది.

[తెర మీద: విప్పిన నకిల్. నల్లటి గ్రీజులో మునిగిన బర్‌ఫీల్డ్ జాయింట్.]

ఈ ఆర్మ్‌ని పట్టుకునేవి నాలుగే నాలుగు స్టడ్లు. ఒక్కోదానికి శంకు ఆకారపు వాషర్ ఉంటుంది, నట్ బిగించేకొద్దీ అది సందులోకి దిగి పట్టేస్తుంది. తీసేటప్పుడు ఆర్మ్ మీద ఇత్తడి కడ్డీ ఆనించి సుత్తితో గట్టిగా కొడితే టక్కున పైకి లేస్తుంది. ఈ స్టడ్లు వదులైతే స్టీరింగే పోతుంది.

నకిల్ విప్పారు కాబట్టి లోపలంతా కొత్తగా చేసుకోండి. లోపలి ఆయిల్ సీలు పాడైతే డిఫరెన్షియల్ ఆయిల్ నకిల్‌లోకి వచ్చి గ్రీజుని పలచటి నల్లటి ముద్దగా చేస్తుంది. టయోటా యాక్సిల్స్‌లో తరచూ కనిపించేదే ఇది. నకిల్ తిరగడానికి ఆధారమైన ట్రనియన్ బేరింగుల బిగువు చూడటానికి స్ప్రింగ్ కాటా చాలు. సీలూ లోపలి యాక్సిల్ షాఫ్టూ లేకుండా ఆర్మ్ కొనకి కాటా తగిలించి లాగుతారు. నకిల్ కదలడం మొదలయ్యే దగ్గర ముల్లు ఎంత చూపిస్తుందో సర్వీస్ మాన్యువల్‌తో పోల్చి, షిమ్‌లు, అంటే పలచటి రేకులు, వేస్తారు లేదా తీస్తారు. హబ్ నట్లకి 54 మిల్లీమీటర్ల సాకెట్ కావాలి, ఉలితో కొట్టి తిప్పే పని పెట్టుకోకండి. చక్రం మళ్లి ఉన్నా దానికి శక్తి అందించే బర్‌ఫీల్డ్ జాయింట్లు మామూలు టైర్లకి చాలు. టైర్లు పెద్దవైతే, చక్రం పూర్తిగా తిప్పి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు విరిగేవి అవే. అప్పుడు ఇంకా బలమైన క్రోమోలీ ఉక్కువి వేసుకోవడమే దారి.

మిగతావి త్వరగా చెబుతాను. పాత ముందు షాఫ్టుకి పొడవు మారే అవసరం దాదాపు ఉండేది కాదు, ఇప్పుడు యాక్సిల్ కదులుతుంది కాబట్టి ఎక్కువ దూరం జారే స్ప్లైన్లు (పొడవాటి గాడులు) ఉన్న షాఫ్టు కావాలి. బ్రేకు హోసులు పొడవువి వేయండి. చక్రం పూర్తిగా కిందికి దిగినప్పుడు హోసు బిగుసుకోకూడదు. డిఫరెన్షియల్ పైకి లేచి ఇంజన్ ఆయిల్ ప్యాన్‌కి తగలకుండా ఆపే దిమ్మ, అంటే బంప్ స్టాప్, తప్పనిసరి.

చట్టం మాట. అమెరికాలో ఎత్తు, బంపర్, తనిఖీ నియమాలు రాష్ట్రానికొకలా ఉంటాయి. కోయకముందే మీ రాష్ట్రంలో ఏముందో చూసుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పండి. ఆంధ్ర, తెలంగాణల్లో చూస్తున్నవాళ్లు మాత్రం ఈ ప్రయత్నం చేయొద్దు. మోటారు వాహనాల చట్టం, 1988, 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ముందు సాలిడ్ యాక్సిలే కావాలంటే ఫ్యాక్టరీ నుంచే దానితో వచ్చిన బండి చూసుకోండి. పాత మహీంద్రా జీపులకి ఉంది, ఇప్పటి మారుతి జిమ్నీకీ ఉంది.

[తెర మీద: బండి మెల్లగా వీధిలోకి వస్తోంది.]

కొలతలన్నీ సరిపోయాకే పూర్తి వెల్డింగ్. మొదటి రోజు ఖాళీ వీధిలో, నడక వేగంతో మొదలుపెట్టి, ముందు బ్రేకు, తర్వాత స్టీరింగ్ పరీక్షించండి. ఒక ప్రయాణం కాగానే యూ బోల్టులూ నకిల్ స్టడ్లూ టార్క్ రెంచితో మళ్లీ బిగించండి. కొన్ని వందల మైళ్ల తర్వాత ఇంకోసారి. హైవే ఎక్కేది ఆ తర్వాతే.