ఎన్‌ఎంఆర్ స్లాట్ దొరికిందా? ట్యూబ్ నింపడం నుంచి స్పెక్ట్రమ్ దాకా

హాయ్ అండి, అందరికీ నమస్కారం. ఇవాళ ఎన్‌ఎంఆర్, అంటే శాంపిల్‌ని పెద్ద అయస్కాంతంలో పెట్టి అణువు నిర్మాణం తెలుసుకునే పద్ధతి. డిపార్ట్‌మెంట్ మొత్తానికీ కలిపి ఉండే 400 మెగాహెర్ట్జ్ మెషీన్ మీద మన ప్రోటాన్ స్పెక్ట్రమ్, అంటే అణువులోని హైడ్రోజన్ల సిగ్నల్స్ గ్రాఫ్, మనమే తీసుకుందాం. స్క్రీన్ మీద కనిపిస్తున్నది బ్రూకర్ కంపెనీ వాళ్ల సాఫ్ట్‌వేర్, టాప్‌స్పిన్. మీ దగ్గర వేరే కంపెనీ మెషీన్ ఉంటే బటన్లు మారతాయి, పని మాత్రం అదే.

ముందు స్లాట్. ఇదిగో బుకింగ్ పేజీ, తేదీ, టైము, గైడ్ పేరు, సబ్మిట్. అయిపోయింది. అయితే రాలేకపోతే మాత్రం క్యాన్సిల్ కొట్టండి, దయచేసి. ఈ అయస్కాంతం 9.4 టెస్లా. లిక్విడ్ హీలియంలో, మైనస్ 269 డిగ్రీల దగ్గర, రాత్రీ పగలూ మునిగే ఉంటుంది. మనం వాడినా వాడకపోయినా హీలియం ఆవిరవుతూనే ఉంటుంది. మనకి ఆ హీలియం బయటి దేశాల నుంచే రావాలి. అవతల థీసిస్ కోసం ఒక్క స్పెక్ట్రమ్ తక్కువై ఎదురుచూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, స్లాట్ ఖాళీగా పోతే వాళ్లకే నష్టం.

సరే, శాంపిల్. ఇది మన ల్యాబ్‌లోనే, మన బెంచ్ మీదే పూర్తి చేసుకుని వెళ్లాలి. ప్రోటాన్‌కి 5 నుంచి 10 మిల్లీగ్రాములు చాలు. 0.6 ఎంఎల్ డ్యూటరేటెడ్ సాల్వెంట్, అంటే హైడ్రోజన్ బదులు డ్యూటీరియం ఉన్నది. పూర్తిగా కరగాలి. మసగ్గా ఉందా? పాశ్చర్ పిపెట్‌లో ఇలా కొంచెం దూది కుక్కి, దాని గుండా ట్యూబ్‌లోకి వదలండి. చూశారా, ఎంత క్లియర్‌గా దిగిందో. నలకలుంటే పీక్‌లు లావెక్కుతాయి, ఆ తర్వాత ఎంత షిమ్ చేసినా, అంటే అయస్కాంత క్షేత్రాన్ని ఎంత సమంగా సర్దినా, లాభం లేదు. ట్యూబ్‌కి కాగితం లేబుల్ అంటించొద్దు, క్యాప్ మీద మార్కర్‌తో రాయండి.

లోపలికి వెళ్లేముందు ఫోను, ఏటీఎం కార్డు, వాచీ, అన్నీ ఇక్కడ ట్రేలో. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు నేల మీద గీసిన ఆ గీత దాటి రాకూడదు, మీతో ఎవరైనా వస్తే ముందే అడగండి.

ట్యూబ్ తుడవండి, స్పిన్నర్‌లో, అంటే ట్యూబ్‌ని పట్టుకునే ఈ హోల్డర్‌లో పెట్టండి, ఈ గేజ్‌లో అడుగు తగిలేదాకా దించండి. అంతకంటే కిందికి మాత్రం తొయ్యొద్దు, లోపల ప్రోబ్‌కి తగులుతుంది. ఇప్పుడు కమాండ్ లైన్‌లో ఈ, జే. ఎంటర్. గాలి శబ్దం వినండి... వస్తోంది కదా? పాత ట్యూబ్ పైకి తేలింది, తీసేశాం. మనది గాలి మీద పెట్టాం, తేలుతోంది. అప్పుడు ఐ, జే. గాలి రాకుండా ట్యూబ్ వదిలితే నేరుగా కిందపడి లోపలే పగులుతుంది, అందరి పనీ ఆగిపోతుంది. చెవితో వినండి, ఆ తర్వాతే చెయ్యి వదలండి.

కొత్త డేటాసెట్, పేరు, ప్రోటాన్ పారామీటర్లు, గెట్‌ప్రోసాల్... ఇవన్నీ స్క్రీన్ మీద చూస్తున్నారు, నేను త్వరగా వెళ్లిపోతున్నా.

ఇదిగో, ఇక్కడ ఆగుదాం. లాక్. సాల్వెంట్‌లోని డ్యూటీరియం సిగ్నల్ పట్టుకుని మెషీన్ తన అయస్కాంత క్షేత్రాన్ని కదలకుండా ఉంచుకునే స్టెప్ ఇది. మొదట్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టింది ఈ స్టెప్పే. లాక్ అని కొట్టగానే ఈ లిస్టు వస్తుంది. సీడీసీఎల్ త్రీ (డ్యూటరేటెడ్ క్లోరోఫామ్), డీఎంఎస్‌ఓ, మెథనాల్, అసిటోన్... మన ట్యూబ్‌లో ఏ సాల్వెంట్ ఉందో అదే ఎంచుకోవాలి. మీ ముందువాళ్లు ఏది వాడారో మనకి అనవసరం. చెయ్యి అలవాటుగా సీడీసీఎల్ త్రీ మీదికే పోతుంది, అందుకే చెబుతున్నా.

తప్పు ఎంచుకుంటే ఎర్రర్ ఏమీ రాదు. మెషీన్ హాయిగా లాక్ అవుతుంది. ఎందుకంటే అది వెతికేది డ్యూటీరియం సిగ్నల్. ట్యూబ్‌లో డీఎంఎస్‌ఓ ఉంది, మీరు క్లోరోఫామ్ అన్నారనుకోండి. దానికి డీఎంఎస్‌ఓ సిగ్నల్ దొరుకుతుంది, ఇదే క్లోరోఫామ్ అనుకుంటుంది. అప్పుడు స్పెక్ట్రమ్ అడ్డం స్కేలు మీద, అంటే పీపీఎమ్‌లో, 2.50 దగ్గర రావాల్సిన డీఎంఎస్‌ఓ పీక్ 7.26 దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. దాంతోపాటు స్పెక్ట్రమ్ మొత్తం 4.76 పీపీఎమ్ జరుగుతుంది. 7.5 దగ్గర ఉండాల్సిన ఆరోమాటిక్ ప్రోటాన్లు 12 దాటి కనిపిస్తాయి. చూసి, అరే, యాసిడ్ వచ్చిందే అనుకుంటాం!

ఇది జరిగితే కంగారుపడి మళ్లీ స్లాట్ బుక్ చేసెయ్యకండి. క్యాలిబ్రేషన్ బటన్ నొక్కి, ఆ సాల్వెంట్ పీక్ మీద కర్సర్ పెట్టి, 2.50 అని ఇవ్వండి. అన్నీ వాటి చోటికి వస్తాయి. కానీ ఒక్క చిక్కుంది. మెషీన్ రికార్డ్ చేసే విండో మామూలుగా 20 పీపీఎమ్, పైకి సుమారు 16 దాకా ఉంటుంది. మీ కాంపౌండ్‌లో నిజంగానే కార్బాక్సిలిక్ యాసిడ్ ఉంటే డీఎంఎస్‌ఓలో అది 12, 13 దగ్గర వస్తుంది. దానికి 4.76 కలపండి, విండో దాటి బయటికి పోయింది. ఆ పీక్ మీ డేటాలోనే ఉండదు, క్యాలిబ్రేట్ చేసినా రాదు. అప్పుడు మాత్రం మళ్లీ తియ్యాల్సిందే.

మెథనాల్‌తో ఇంకో సంగతి. దాంట్లో డ్యూటీరియం సిగ్నల్స్ రెండు, 3.31 ఒకటి, 4.87 ఒకటి. ఒక్కోసారి లాక్ రెండోదాన్ని పట్టుకుంటుంది. కాబట్టి ఏ సాల్వెంట్ అయినా స్పెక్ట్రమ్ రాగానే ముందు చూడాల్సింది సాల్వెంట్ పీక్. మీ కాంపౌండ్ సంగతి ఆ తర్వాత.

మిగతాది చకచకా. ఏటీఎంఏ, ట్యూనింగ్ అదే చేసుకుంటుంది. టాప్‌షిమ్, కాసేపు ఆగండి. ఆర్‌జీఏ, రిసీవర్ గెయిన్. జెడ్ జీ. మొదలైంది.

16 స్కాన్లు పెట్టాను. శాంపిల్ తక్కువుంటే 64 పెట్టండి, నాలుగు రెట్ల టైముకి సిగ్నల్ రెండు రెట్లే బాగుపడుతుంది, అది గుర్తుంచుకుని పెంచండి. నాకు బాగా నచ్చిన కమాండ్ ఒకటి చెబుతా, టీ ఆర్. రన్ నడుస్తుండగానే ఇప్పటిదాకా వచ్చిన డేటా తెచ్చి చూపిస్తుంది. చూశాను, చాలనిపించింది, అప్పుడు హాల్ట్. స్టాప్ కాదండీ, హాల్ట్. స్టాప్ కొడితే డేటా సేవ్ కాదు. కార్బన్ స్పెక్ట్రమ్‌కి వెయ్యి స్కాన్లు పెట్టుకున్నవాళ్లు నాలుగొందలకే సరిపోతే హాల్ట్ చేసి, మిగిలిన టైము తర్వాతివాళ్లకి ఇచ్చెయ్యొచ్చు. నేనైతే ప్రతిసారీ ఇలాగే చేస్తా.

ఇక డేటాని స్పెక్ట్రమ్‌గా మార్చి, ఫేజ్, బేస్‌లైన్ సరిచేసే కమాండ్లు: ఈఎఫ్‌పీ, ఏపీకే, ఏబీఎస్ఎన్. వచ్చింది. 7.26 కనిపిస్తోంది కదా, మన సీడీసీఎల్ త్రీ. 1.56 దగ్గర ఈ చిన్నది నీళ్లు, కంగారొద్దు.

ట్యూబ్ తీసి, అక్కడి స్టాండర్డ్ ట్యూబ్ తిరిగి లోపలికి పంపండి. లాగ్‌బుక్‌లో సాల్వెంట్ పేరుతో సహా రాయండి. లాగవుట్.

ఇక డిగ్రీ కాలేజీల నుంచి, మెషీన్ లేని చోట నుంచి చూస్తున్నవాళ్లకి. 2020 జనవరిలో మొదలైన ఐ-స్టెమ్ అని కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఉంది. దేశంలో ఏ సంస్థలో ఏ పరికరం ఉందో వెతికి అక్కడే స్లాట్ అడగొచ్చు. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ (డీఎస్‌టీ) సాయంతో నడిచే సైఫ్ అనే పరికరాల కేంద్రాలు కూడా బయటివాళ్ల శాంపిళ్లు ఫీజు తీసుకుని చేస్తాయి, ఐఐటీ మద్రాసులో ఒకటుంది. శాంపిల్ పంపేటప్పుడు ఫారంలో ఏ సాల్వెంట్‌లో కరుగుతుందో తప్పక రాయండి. ఆ గడి ఖాళీగా ఉంటే ఆపరేటర్ మీకు ఫోన్ చెయ్యాలి, మీ శాంపిల్ అప్పటిదాకా అక్కడే ఉండిపోతుంది.