ఖర్జూరపు గెల, తోటమాలి చెయ్యి

శ్రోతలకు నమస్కారం.

సుమారు 3,700 ఏళ్ల కిందట బాబిలోన్‌ను ఏలిన హమ్మురాబి తన చట్టాలను ఒక నల్లరాతి మీద చెక్కించాడు. ఆ రాయి ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో అప్పులు, దొంగతనాలు, పెళ్లి తగాదాలతో పాటు ఒక ఖర్జూరపు తోటమాలి సంగతి కూడా ఉంది. తోటను నమ్మి అప్పగిస్తే పంటలో రెండు వంతులు యజమానికి, ఒక వంతు తోటమాలికి. అతను పూలకు పుప్పొడి వెయ్యకుండా వదిలేసి పంట తగ్గిస్తే మాత్రం, పక్క తోటలో ఎంత పండిందో చూసి ఆ లెక్కన కట్టాలి. పక్క తోటతోనే ఎందుకు పోల్చారు? నేల అదే, నీళ్లు అవే, ఎండ అదే. తేడా అంతా మనిషి చేతిలోనే ఉందని వాళ్లకు అప్పటికే తెలుసు.

ఖర్జూరంలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మన తాడి, మన ఈత కూడా అంతే. కానీ ఈతచెట్టు నుంచి మనకు కావలసింది కల్లు. కాయ ఎంత కాసిందని ఎవరూ అడగరు. ఖర్జూరం అలా కాదు. తోటలో సగం మగచెట్లే ఉంటే రైతుకు ఏం మిగులుతుంది? అందుకే 40, 50 ఆడచెట్లకు ఒక మగచెట్టు చొప్పున పెట్టుకుని, పుప్పొడిని చేత్తో వేస్తారు. ఆడపూల గెల ఒక గట్టి తొడుగులోంచి వస్తుంది. ఆ తొడుగు పగిలిన మూడు నాలుగు రోజుల్లోనే చెట్టెక్కి, రెండు మూడు మగపూల రెమ్మలను గెల మధ్యలో తలకిందులుగా పెట్టి వదులుగా కట్టాలి. ఆరబెట్టిన పుప్పొడిని టాల్కం పౌడర్‌లో కలిపి చల్లేవాళ్లూ ఉన్నారు. గెలలన్నీ ఒకే రోజు విచ్చుకోవు కాబట్టి ఒకే చెట్టును మళ్లీ మళ్లీ ఎక్కాలి.

ఆలస్యమైతే ఏమవుతుందో కాయను చూస్తే తెలుస్తుంది. ఒక్కో ఆడపువ్వులో మూడు అండాశయాలు ఉంటాయి. పుప్పొడి అందితే వాటిలో ఒకటే కాయవుతుంది, మిగతా రెండూ రాలిపోతాయి. అందకపోతే ఒక్కోసారి మూడూ కలిసి ఉబ్బుతాయి. గింజ ఉండదు, తీపి రాదు, సరిగ్గా పండదు. దూరం నుంచి చూస్తే గెల నిండుగానే కనిపిస్తుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ గెలలే.

ఇంకో విచిత్రం ఉంది. ఏ మగచెట్టు పుప్పొడి వేశామన్న దాన్ని బట్టి కాయ సైజు, అది పండే సమయం కూడా మారతాయి. తండ్రి పోలిక గింజతో ఆగకుండా గుజ్జులోకీ వస్తుందన్న మాట. ఈ గుణానికి పేరు పెట్టిన అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ స్వింగిల్ 1927లో మొరాకో నుంచి మెడ్జూల్ రకం పిలకలు 11 తీసుకెళ్లాడు. వాటిలో 9 బతికాయి. కాలిఫోర్నియా మెడ్జూల్ తోటలకు మూలం అవే.

సూపర్ మార్కెట్లో పెట్టెలో పేర్చి అమ్మే ఆ పెద్ద మెడ్జూల్ పండు అంత లావు కావడానికి రకం ఒక్కటే కారణం కాదు. పిందెలు చిన్నవిగా ఉండగానే కూలీలు ఒక్కో రెమ్మ పట్టుకుని, పిందెకూ పిందెకూ మధ్య సందు ఉండేలా మిగతావి గిల్లేస్తారు. కాసిన పిందెను చేతులారా తీసేయడానికి మన రైతుకు మనసొప్పదు. నేను ఒక తోటలో చూశాను. పక్కపక్కనే బర్హీ అనే రకం ఖర్జూరపు చెట్లు రెండు, ఒకే వయసు. ఒకదానికి గెల మధ్యలోని రెమ్మలు కొన్ని తీసేసి, మిగిలిన వాటి కొసలు కత్తిరించారు. రెండోదాన్ని అలాగే వదిలేశారు. వదిలేసిన చెట్టుకు గెల కాడ బరువుకు చీలింది, కాయలు చిన్నవైపోయాయి, గాలి ఆడక లోపలివి కుళ్లాయి. అలాంటి చెట్టు మరుసటి ఏడు అలసిపోయి తక్కువ కాస్తుంది. ఒక గెలను పోషించాలంటే ఎనిమిది నుంచి పది పచ్చటి మట్టలు కావాలి. మట్టలు లెక్కపెట్టి, అంతకు మించిన గెలలను కోసెయ్యాలి. ఉంచిన గెలను కింది మట్టకు ఆనించి కట్టాలి.

ఇక వాన. ఖర్జూరం పాదాలు నీళ్లలో, తల నిప్పుల్లో ఉండాలని అరబ్బులు అంటారు. పండే వేళ వాన పడితే పండు పగులుతుంది, పులుస్తుంది. అందుకే గుజరాత్‌లోని కచ్ రైతులు చెట్టు మీద ఎండేదాకా ఆగకుండా, కాయ రంగు తిరిగి కరకరలాడే దశలోనే కోసేస్తారు. ఆ దశలో కోసిన కాయనే అక్కడ ఖారెక్ అంటారు. కచ్ ఖారెక్‌కు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇరాక్‌లోని బస్రా ప్రాంతానికి చెందిన బర్హీ ఆ పసుపు దశలోనే వగరు లేకుండా తియ్యగా ఉంటుంది. అనంతపురం జిల్లా రైతులు టిష్యూ కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన) బర్హీ మొక్కలు నాటడానికి ఒక కారణం అదే.

వాళ్లకు రెండు మాటలు చెప్పాలి. టిష్యూ కల్చర్ మొక్కల్లో అప్పుడప్పుడు పుప్పొడి వేసినా సరిగ్గా కాయ పట్టనివి వస్తాయి. కాపుకు వచ్చేదాకా ఆ సంగతి తెలియదు కాబట్టి, కొనే ముందు అదే నర్సరీ మొక్కలతో వేసి కాపుకొచ్చిన తోటను చూసి రండి. రెండోది కోనసీమ కొబ్బరి రైతులకు బాగా తెలిసిన ఎర్రముక్కు పురుగు. పిలకలు తీసిన గాయం దగ్గర, పచ్చి మట్ట కోసిన చోట అది గుడ్లు పెడుతుంది. కోసిన వెంటనే ఆ గాయానికి మందు పూయండి, నీళ్లు మొదలును తాకకుండా డ్రిప్ పెట్టుకోండి.

ఈ మధ్య కొత్తగా తోట వేసినవాళ్లు ఫోన్ చేసి ఎరువులు ఎన్ని కిలోలు వెయ్యాలని అడుగుతుంటారు. నేను ముందు మగచెట్లు ఎన్ని ఉన్నాయని అడుగుతాను. చాలాసార్లు అవతల మాట వినిపించదు. అలాంటివాళ్లు ఈ సీజన్‌లోనే దగ్గర్లో మగచెట్లున్న రైతుతో మాట్లాడి, పుప్పొడి తెచ్చుకుని, తడి లేకుండా ఆరబెట్టి, గట్టి మూత సీసాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి. చెట్టెక్కే మనిషికి కూడా ఇప్పుడే చెప్పి ఉంచండి. ఆడగెల తొడుగు పగిలిన రోజు పొద్దున వెతకడం మొదలుపెడితే ఆ మూడు రోజులూ వెతుకులాటకే సరిపోతాయి.

నమస్కారం.